ప్రాచీన సైనిక పరిమాపన సాధనములు: సంగ్రహణ పద్ధతినిగూర్చి కొంత విచారము

తాళపత్ర గ్రంథములను సేకరించుట, ప్రతులను సరిపోల్చుట, పాఠభేదములను గుర్తించుట మన శాఖలకు అలవడిన పని. సైనికులు వాడి విడిచిన దిక్సూచులను, కోణమాన యంత్రములను, కొలత గొలుసులను సేకరించుటతో తెలుగు శాఖకేమి పని యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పని కలదనియే మా యభిప్రాయము. ఆంధ్రదేశ స్థానిక చరిత్రకు ముఖ్యాధారమైన కైఫీయత్తుల సంపుటి ఒక సైనిక సర్వేయరు గుడారమున పుట్టినది. భూమిని కొలిచిన చేతులును, గ్రామవృత్తాంతములను వ్రాయించిన చేతులును ఒక్క కొలువులోనివి. అందుచే ఆ సాధనములు ఏ విధముగా భద్రపరుపబడుచున్నవో విచారించుట మనకు పరాయి పని కాజాలదు.

నేడు ఈ సాధనములను సేకరించువారు పెక్కుమంది కలరు. పాత ఇత్తడి దిక్సూచికి అంగడిలో మంచి వెల పలుకుచున్నది. కాని వెలకట్టు పద్ధతి వేరు, విలువకట్టు పద్ధతి వేరు. తళతళలాడునట్లు తోమిన వస్తువునకు హెచ్చు వెల వచ్చును; ఆ తోముటలో దాని చరిత్ర చెప్పు గీతలు చెరిగిపోవును. మేము ప్రతిపాదింపదలచిన దొక్క విషయమే: పరిమాపన సాధనమును వ్రాతప్రతిగా భావించి, వ్రాతప్రతికి వర్తించు విమర్శసూత్రములతోనే దానిని సేకరింపవలెను. ఆ భావము ఎంతవరకు పొసగునో ఉదాహరణములతో పరిశీలింతము.

ముందుగా మన ప్రాంతమున ఈ విద్య వేరూనిన తీరును సంగ్రహముగా చెప్పుదుము. 1794లో మైకేల్ టాపింగు అనునాతడు చెన్నపట్టణమున సర్వే పాఠశాలను నెలకొల్పెను. గిండీ ఇంజనీరింగు కళాశాల తన పుట్టుకను ఆ పాఠశాలనుండియే లెక్కించుకొనుచున్నది. మన తీరప్రాంతమున సర్వేలు నడపిన టాపింగు 1796లో మచిలీపట్టణమునందే మరణించెను. అదే కాలమున కాలిన్ మెకంజీ నిజాము రాజ్యమునందు ఇంజనీరుగా నుండి భూగోళ సర్వే సాగించుచుండెను. 1796లో ఆయనకు కావలి వేంకట బొర్రయ్య సాయము లభించెను. 1803లో బొర్రయ్య అకాలమరణము నొందగా ఆయన సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. మెకంజీ 1810లో మద్రాసు సర్వేయరు జనరలుగను, 1815లో భారతదేశమంతటికి ప్రథమ సర్వేయరు జనరలుగను నియమితుడై 1821లో మరణించెను. ఆయన మరణానంతరము ఆ భాండారము చీలిపోయెను. కొంత లండనునకు తరలెను. కొంత కలకత్తా చేరెను. దేశభాషా వ్రాతలలో పెక్కుభాగము చెన్నపట్టణమునకు తిరిగివచ్చెను. పటమొకచోట, దానికి సంబంధించిన గ్రామవృత్తాంత మింకొకచోట, కొలిచిన సాధనము మరియొకచోట పడినవి. కైఫీయత్తులో పేర్కొనబడిన పొలిమేరను నేటి నేలపై గుర్తింపలేక పరిశోధక విద్యార్థులు పడు పాట్లకు ఈ విభాగమే కొంత కారణము.

ఇట్టి సాధనములు యుద్ధభూమిలో ఎంత యవసరమో తెలుపు వృత్తాంత మొకటి కలదు. 1799 ఏప్రిలు మాసమున శ్రీరంగపట్టణపు దండయాత్రలో జనరల్ బెయిర్డు తన సేనను రాత్రివేళ నడపించుచుండెను. ఉత్తరముగా మరలి తమ శిబిరము చేరవలసిన సేన దక్షిణముగా, టిప్పు సేనలవైపు సాగుచున్నదని విలియం లాంబ్టను నక్షత్రములను చూచి గ్రహించెను. చెప్పగా సేనాని నమ్మలేదు. తుదకు దీపము వెలిగించి జేబులోని దిక్సూచిని పరికింపగా నక్షత్రముల సాక్ష్యమే నిజమని తేలెను. మరి మూడేండ్లకు, 1802లో, ఈ లాంబ్టనే చెన్నపట్టణము చెంత పరంగికొండ యొద్ద సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలిచి మహాత్రికోణమితి సర్వేకు నాంది పలికెను. ఆ సర్వే పిమ్మట మన గుత్తిమీదుగా బీదరు ప్రాంతమునకు సాగినది. బీదరు చెంతనున్న దామరగిద్ద అను ఊరిపేరు భూమి యాకారమును నిర్ణయించు గణితగ్రంథములలో నేటికిని కానవచ్చును.

లాంబ్టను ఉపయోగించిన గొలుసు చరిత్ర మన వాదమునకు మొదటి ఉదాహరణము. లండను శిల్పి రామ్సుడెను నిర్మించిన ఆ ఉక్కు గొలుసు నూరడుగుల పొడవు కలది; రెండున్నర అడుగుల కడ్డీలు నలువది కలిపి చేసినది. 1793లో మెకార్ట్నీ రాయబారముతో అది చీనా చక్రవర్తికి కానుకగా పోయెను. అచ్చట స్వీకరింపబడక డాక్టరు డిన్విడీ వెంట కలకత్తా చేరి, తుదకు లాంబ్టను చేతికి వచ్చెను. చీనాలో తిరస్కృతమైన కానుక దక్షిణదేశమును కొలిచినదన్నమాట. ఈ సంగతి గొలుసుపై ఎచ్చటను వ్రాసియుండదు. కడ్డీలను మాత్రము చూచినవానికి అది నూరడుగుల ఉక్కు మాత్రమే. లేఖలు, లెక్కలు, దినచర్యలు ప్రక్కననున్నప్పుడే అది చారిత్రక వస్తువగుచున్నది. గ్రంథకర్త యెవరో తెలియని కావ్యమును చదువవచ్చును గాని, చరిత్ర తెలియని కొలతగొలుసును చదువుట కష్టము.

ఇక కోణములను కొలుచు థియొడొలైటు సంగతి. లాంబ్టను కొరకు లండనులో కేరీ అను శిల్పి నిర్మించిన యంత్రము సుమారు అర టన్ను బరువు కలది. దాని క్షితిజ వృత్తము మూడడుగుల వ్యాసము కలది. ఓడలో వచ్చుచుండగా అది ఫ్రెంచివారి చేత చిక్కి, మారిషసు ద్వీపమున దింపబడి, పిమ్మట మర్యాదపూర్వకముగా చెన్నపట్టణమునకు పంపబడెను. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయ విమానముపైకి దానిని చేదుచుండగా త్రాడు తెగి యంత్రము గోడకు కొట్టుకొని వృత్తము వంకరపోయెను. లాంబ్టను వారములకొలది గుడారమున కూర్చుండి దానిని తిరిగి గుండ్రముగా సవరించుకొనెను. ఆ పిమ్మట ఎవరెస్టు కాలమున అది మరల పునర్నిర్మాణము పొందెను. ఇప్పుడొక ప్రశ్న: ఈ యంత్రమునకు మూలరూపమేది? కేరీ పంపినదా? లాంబ్టను సవరించినదా? ఎవరెస్టు మార్పించినదా? అనేక లేఖకుల చేతులు మారిన మహాభారత ప్రతిని పరిష్కరించువానికి ఎదురగు ప్రశ్నయే ఇది. లండను రూపమునే మూలమని భావించి తక్కినవానిని తొలగించినచో, దక్షిణదేశమును కొలిచిన యంత్రమే మాయమగును. దెబ్బయు మరమ్మతును అందలి పాఠములు. వానిని నమోదు చేయవలెనే గాని చెరపరాదు.

మరమ్మతులనుగూర్చి చెప్పునపుడు ఆర్కాటు వాస్తవ్యుడు సయ్యద్ మీర్ మొహిసిన్ హుసేనును స్మరింపవలెను. చెన్నపట్టణమున నగల దుకాణమున పనిచేయుచుండిన ఈ శిల్పిని కర్నల్ బ్లాకరు గుర్తించి సర్వే శాఖకు తీసికొనిపోయెను. కలకత్తాలో హెన్రీ బారో అను ఇంగ్లీషు శిల్పి క్రింద ఆయన పనిచేసెను. 1839లో బారో వెడలిపోగా, ఆ స్థానమునకు మొహిసినుకంటె తగినవాడు లేడని ఎవరెస్టు పట్టుపట్టెను. కంపెనీవారు వెనుకాడి వెనుకాడి 1843లో తక్కువ జీతముపై ఆ పని నొసగిరి. ఆయన మరమ్మతు చేసిన యంత్రములపై లండను శిల్పుల పేళ్లే మిగిలినవి. గ్రంథమునకు కర్త పేరుండి, శిథిలమైన ప్రతిని నిలువబెట్టిన లేఖకుని పేరు లేనట్లే ఇదియును. అందుచే సాధనముపై చెక్కిన పేరును మాత్రమే నమ్మి కర్తృత్వమును నిర్ణయించు సంగ్రాహకుడు ఆర్కాటు శిల్పికి అన్యాయము చేసినవాడగును. కొత్త మరలు, వేరు రంగు ఇత్తడి, తిరిగి గీచిన గీతలు ఆయనవంటివారి సంతకములు. ఆ కలకత్తా కర్మశాల వారసత్వమే పిమ్మట 1957లో జాదవపూరున నేషనల్ ఇన్స్ట్రుమెంట్సు సంస్థగా రూపొందినది.

ఇంతవరకు చెప్పినవి మ్యూజియములకు చెందు మహాయంత్రములు. సామాన్య సంగ్రాహకుని చేతికి వచ్చునది సైనికుని దిక్సూచి. దీని చరిత్రయందును మన దేశమున కొక పాలు కలదు. కంటియెదుట పట్టకము నమర్చి, దూరముననున్న గురుతును, దిక్కు అంకెను ఏకకాలమున చూపు దిక్సూచికి 1812లో ష్మాల్కాల్డరు పేటెంటు పొందెను. ఇట్టి సాధనమునే హెన్రీ కేటరును అంతకుముందే రూపొందించెను. ఈ కేటరు యువకుడైన సైనికాధికారిగా లాంబ్టను సర్వేలో పనిచేసినవాడు. 1821లో దిక్సూచి ముల్లునకు తగిన ఉక్కు ఏదో, ఆకృతి ఏదో నిర్ణయించు పరిశోధనను ప్రకటించినవాడు. ప్రథమ ప్రపంచ సంగ్రామమున, అనగా 1914-18 నడుమ, వెర్నరు పేరిట వెలసిన ఏడవ, ఎనిమిదవ నమూనాలు బ్రిటిషు సేనలో విరివిగా వాడబడినవి. ద్రవము నింపిన దిక్సూచులును ఆ యుద్ధకాలముననే ప్రచారమునకు వచ్చినవి. ద్రవము ముల్లు ఊగిసలాటను అణచి శీఘ్రముగా నిలుపును.

ఇట్టి దిక్సూచిని చేతబట్టినవాడు చదువవలసినవి నాలుగు. మొదటిది, శిల్పి పేరు, సంఖ్య, సంవత్సరము. ఇది ఆశ్వాసాంత గద్యవంటిది. రెండవది, ప్రభుత్వపు సొత్తని తెలుపు బాణపు గురుతు. ఒకదాని మొనకు మరియొకదాని మొన తగులునట్లు రెండు బాణములున్నచో ఆ వస్తువు సేననుండి తొలగించి అమ్మబడినదని యర్థము. మూడవది, పెట్టెమీదనో, తోలు సంచిమీదనో గీకిన సైనికుని పేరు, దళము పేరు. తాళపత్రము అంచున యజమాని వ్రాసికొన్న పేరునకును దీనికిని భేదము లేదు. సంచి శిథిలమైనదని పారవేయువాడు పుష్పికగల ఆకును పారవేయువానితో సమానుడు.

నాలుగవది మిక్కిలి సూక్ష్మమైనది. అయస్కాంతపు ముల్లు దిక్కును చూపుటతో ఆగక, భూమివైపు వంగుటకును యత్నించును. ఆ వంపు లండనులో అధికము. దక్షిణ భారతమున మిగుల స్వల్పము. దక్షిణపు కొసన అది దాదాపు శూన్యమగును. లండనులో సమముగా నిలుచునట్లు ముల్లు దక్షిణపు కొనకు సన్నని తీగ చుట్టియో, చిన్న బరువు తగిలించియో పంపిన దిక్సూచి మన దేశమునకు వచ్చినపుడు అవతలి ప్రక్కకు ఒరిగిపోవును. కావున ఇచ్చటి సర్వేయరు ఆ తీగను మధ్యకు జరుపుకొనెడివాడు. ముల్లుపై తీగ యెచ్చట నున్నదో చూచి ఆ సాధనము ఏ యక్షాంశమున పనిచేసినదో ఊహింపవచ్చును. పదము పలుకుబడినిబట్టి మాటలాడువాని సీమను చెప్పగల భాషాశాస్త్రవేత్తకు ఈ తీగ చెప్పు సాక్ష్యము సులభముగా బోధపడును. దానిని 'సరిచేసి' మొదటి చోటికి జరిపినచో ఆ సాక్ష్యము శాశ్వతముగా నశించును.

దిద్దుబాటు మోహము ఎంత ప్రమాదకరమో తెలుపుటకు ఇంకొక యుదాహరణము చాలును. పట్టకపు దిక్సూచి చక్రముపై ఒక వరుస అంకెలు తలక్రిందులుగను, అద్దములో చూచినట్లు ఎడమకుడులుగను ఉండును. అవి పట్టకమునుండి చూచునపుడు చక్కబడునట్లు ఉద్దేశించినవి. ఎరుగనివాడు వానిని అచ్చుతప్పులని తలచును. అంతకంటె విచిత్రమైనది పండిత నైన్ సింగు జపమాల. 1865-66లో ఈ కుమావూను ఉపాధ్యాయుడు కెప్టెన్ మాంట్గొమరీ పంపున యాత్రికవేషమున టిబెట్టునందు ప్రవేశించి లాసా చేరెను. ఆయన జపచక్రములో మంత్రపత్రములకు బదులు కొలతల పత్రములుండెడివి. కృత్రిమ క్షితిజమునకు వలసిన పాదరసమును గవ్వలలో దాచుకొనెను. జపమాలకు నూటయెనిమిది పూసలుండవలసియుండగా నూరే యుండెడివి. నూరడుగులు వేసినపుడు ఒక పూస జరిగెడిది. మాల పూర్తియగునప్పటికి పదివేల యడుగులగుచుండెను. ఈ కొలతలకు గౌరవముగా 1877లో లండను రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతక మొసగెను. అట్టి మాల సందర్భము తెలియని సంగ్రాహకుని చేతిలో పడినదనుకొందము. ఎనిమిది పూసలు తక్కువైనవని ఆతడు భక్తితో చేర్చును. ఆ క్షణమున పరిమాపన సాధనము నశించి సామాన్యమైన జపమాల మిగులును. అర్థముకాని పాఠమును తప్పని తలచి దిద్దు పరిష్కర్త చేయునదియు ఇదియే.

ప్రామాణ్యమునుగూర్చి రెండు మాటలు. కూటశాసనములున్నట్లే కూటసాధనములును కలవు. రూర్కీ పట్టణము 1847లో ఇంజనీరింగు కళాశాల వెలసిన నాటినుండి పరిమాపన, చిత్రలేఖన పరికరముల పనికి కేంద్రము. ఆ నైపుణ్యముతో అచ్చట ఇత్తడి దిక్సూచులు, సెక్స్టాంట్లు అలంకారార్థము నేటికిని తయారగుచున్నవి. అలంకార వస్తువులుగా వానియందు దోషము లేదు. కాని చేతులు మారి, లండను పేరును, పూర్వ సంవత్సరమును ధరించి ప్రాచీనములుగా అమ్ముడుపోవునపుడు చిక్కు వచ్చును. ఇట్టివానిని పసిగట్టుటకు అంతస్సాక్ష్యమే శరణ్యము. చక్రముపై గీతలు సమదూరమున నున్నవా? ముల్లు నిలుకడగా తిరుగుచున్నదా? చెక్కిన సంవత్సరమునాటికి ఆ నమూనా పుట్టియుండెనా? పనిచేయుటకు చేసిన సాధనము గీతలలో సత్యము పలుకును. చూచుటకు చేసినది పేరులో మాత్రమే పలుకును.

ఇచ్చట ఒక హెచ్చరికయు అవసరము. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున చేసిన సైనిక దిక్సూచులలో పెక్కింటికి రాత్రి వెలుగుటకై రేడియము కలిసిన రంగు పూసిరి. రంగు నేడు వెలుగకపోవచ్చును. వెలుగునిచ్చు పదార్థము క్షీణించినదే గాని రేడియము పోలేదు. దాని సగము తరుగుటకు సుమారు 1,600 సంవత్సరములు పట్టును. అట్టి దిక్సూచిని విప్పి గీకుట, పొడిని పీల్చుట ఆరోగ్యమునకు హానికరము. మూతతీయక, గాలి వచ్చుచోట, వేరుగా భద్రపరుచుట మేలు. చరిత్రను కాపాడు సూత్రమును, ప్రాణమును కాపాడు సూత్రమును ఇచ్చట ఒక్కటియే: విప్పవద్దు, గీకవద్దు.

మా వాదమునకు రెండు ఆక్షేపణలు రావచ్చును. యంత్రమనగా పనిచేయవలసినది, చెడినదానిని బాగుచేసి పనిచేయించుటయే దానికి గౌరవమని కొందరందురు. ఇది కొట్టిపారవేయదగిన మాట కాదు. పనిచేయు దిక్సూచిని చేతబట్టి దిక్కు కొలిచిన విద్యార్థికి కలుగు జ్ఞానము అద్దాల పెట్టెవలన కలుగదు. కాని ఆ ప్రయోజనమునకు నకళ్లు చాలును. ప్రతిని చదువుకొనుటకు అచ్చుపుస్తకముండగా తాళపత్రమును తరగతిగదిలో త్రిప్పము గదా. రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. ఇవి పరప్రభుత్వము దేశమును వశపరచుకొనుటకు వాడిన సాధనములు. వీనిని ఆదరించుట ఏల? వశపరచుకొనుటకే కొలిచిరనుట సత్యమే. శిస్తును, సేనామార్గమును, పొలిమేరను ఈ కొలతలే నిర్ణయించినవి. అందుచేతనే ఇవి సాక్ష్యములు. సాక్ష్యమును మెరుగుపెట్టి అలంకారముగా నిలుపుట యెంత తప్పో, ద్వేషముతో నశింపనిచ్చుట అంత తప్పు. పైగా ఈ పని చేసినవారందరును పరులు కారు. 1819లో కృష్ణా గోదావరుల నడిమి యెల్లాపురపు అడవులలో జ్వరముచే ఎవరెస్టు సర్వే బృందము కూలబడినపుడు ఆయనతోపాటు పడిపోయినవారు ఖలాసులును, జెండాలు పట్టినవారును. వారికి చరిత్రగ్రంథములలో చోటు లేదు. వారి జాడ దొరకవలెనన్న ఆనాటి కొలత పుస్తకములలో, జీతపు పట్టీలలో, పెట్టెలపై గీకిన గురుతులలో వెదుకవలసినదే.

భాషాపరిశోధకులకు ఇచ్చట మరియొక పంట కలదు. సైనిక సర్వే వెనుకనే రెవిన్యూ సర్వే వచ్చి కొలతల పదములను మన పల్లెలలో నాటినది. అరువదియారడుగుల గంటరు గొలుసులో నూరు కడ్డీలుండును. అట్టి వేయి చదరపు కడ్డీల నేలయే నేటి మన సెంటు. తెలంగాణమున వాడుకలోనున్న గుంట ముప్పదిమూడడుగుల చతురస్రము, అనగా అదే గొలుసులో సగము భుజముగా గలది. జరీబు, టిప్పను మొదలగు మాటలు పారసీక, మరాఠీ మార్గములనుండి వచ్చి ఈ గొలుసుతో చేరినవి. ఈ మాటలను వాడిన ముదుసలి కరణములు, గొలుసు లాగిన కూలీలు క్రమముగా కనుమరుగగుచున్నారు. సాధనమును దక్కించుకొని దాని పేరును, విడిభాగముల పేళ్లను, పట్టుకొను తీరును చెప్పు మాటలను వదలుకొన్నచో సగము సేకరణయే చేసినట్లగును.

ఈ విచారమునుండి తేలిన పద్ధతిని సంగ్రహించుచున్నాము. సాధనము దొరకిన స్థితిలోనే ఛాయాచిత్రము తీయవలెను. పేరు, సంఖ్య, సంవత్సరము, గురుతులు, దెబ్బలు, మరమ్మతులు, ముల్లుపై తీగ స్థానము యథాతథముగా వ్రాసికొనవలెను. పెట్టెను, సంచిని, అందలి కాగితపు ముక్కను వేరుచేయరాదు. ఎవరి యింట, ఏ యూర, ఏ పేరుతో పిలువబడుచు దొరకినదో వారి మాటలలోనే నమోదు చేయవలెను. తోముట, దిద్దుట, పూరించుట అన్నియు ఆ పిమ్మట ఆలోచింపవలసినవి, పెక్కుసార్లు మానుకొనవలసినవి. జిల్లాలలోని పాత కచేరీలలోను, కరణముల వారసుల యిండ్లలోను ఇంకను మిగిలిన గొలుసులను, బల్లలను, దిక్సూచులను తుక్కుగా తూచి అమ్మకమునుపే ఈ విధముగా పట్టికలు సిద్ధముచేయు పని పరిశోధక విద్యార్థులు పూనుకొనదగినది. కైఫీయత్తునకు పటమును, పటమునకు సాధనమును తిరిగి జతపరుచుటకు ఆ పట్టికలే మొదటి మెట్టు.